సబ్బు బొమ్మకు వీపు కుట్టిన బాపు

బాపూ, ఏం జేస్తున్నవు ఆడ? నువ్వు పోయి ఏడాదాయె. సిరోంచల ఎండలు గట్లనే ఉన్నయి, అమ్మ కోపం గట్లనే ఉంది.

నీ టైలర్ దుకాణం నేనే చూసుకుంటున్న. ఉంచుకుంటవా, ఇడిసిపెడ్తవా జల్ది చెప్పుమంటుండు మనకు కిరాయికిచ్చిన మాలిక్ రహీం చాచా. మొబైల్ రీచార్జ్ దుకాణం పెడ్తమని ఎవలో అడిగిండ్రట. అన్న అయితే ఇచ్చెయ్యుమంటుండు... రెడీమేడ్ వచ్చినంక ఎవలు కుట్టిచ్చుకుంటరని.

ఖాళీ చేద్దామనే నీ గోడ ముంగట నిలవడ్డ. గోదారి దాటి పడవల వచ్చిన పాత వారపత్రికలల్ల నువ్వు కత్తిరిచ్చి, మైదా ఉడికిచ్చిన లైతోని అతికిచ్చిన అడ్వటైజుమెంట్లు. సబ్బు, తలనూనె, రేడియో, టెర్లిన్ బట్ట. మనది మహారాష్ట్ర ఒడ్డాయె, బడిల నేను చదివింది మరాఠీ. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఈ గోడ మీదనే గదా!

ఏ బొమ్మ చూసినా మొగాయన కుర్చీల కూసుంటడు, ఆమె చాయ్ పట్టుకొని నవ్వుకుంట నిలవడ్తది. గప్పటి లోకమే గట్లుండెనా, అమ్మేటోళ్లు గట్ల ఉండాలనుకున్నరా? అమ్మ చాయ్ తెస్తే నువ్వు లేచి నీ స్టూల్ ఇస్తుంటివి. "బొమ్మల ఆడోళ్లకు కాళ్లు గుంజయి బిడ్డా, మీ అమ్మకు గుంజుతయి" అంటుంటివి.

ఆ సబ్బు బొమ్మల ఆమెను చూపెట్టి, గసొంటి జాకెట్టే కావాల్నని ఆడోళ్లు ఎగవడ్తుండ్రి. బొమ్మల ముంగటి దిక్కే ఉండె. వెనక ఎట్లుంటదో నీకేమెర్క? నీకు తోచినట్టు లోతు మెడ తీసి, రెండు నాడలు పెట్టి కుడితివి. ఊరంత అదే మద్రాస్ ఫ్యాషన్ అనుకున్నది! దొంగ బాపూ...

మొన్న జిమల్‌గట్ట పెండ్లిపిల్ల కొత్త రంగుల పత్రిక పట్టుకొచ్చింది. ఇప్పటి అడ్వటైజుమెంట్లల్ల ఆడపిల్లలు వెనక్కి తిరిగి సుత నిలవడ్తున్నరు. అచ్చం అట్లనే కుట్టిన. ఏసుకొని చూసి మొఖం మాడ్సుకున్నది. వాళ్లమ్మ పెండ్లి జాకెట్టుకు ఉన్నసొంటి వీపే కావాల్నట. సంచిల నుంచి తీసి చూపెట్టింది... నీ కుట్టు బాపూ, నీ నాడలు.

నాకు ఏడుపాగలే. పిల్ల పరేషానయింది. కండ్లు తుడుసుకొని, విప్పి మళ్ల కుట్టిన. ఆ పొద్దే పోయి చాచాకు చెప్పిన, దుకాణం ఇడువనని. అన్న ఇంక మాట్లాడుతలేడు. మాట్లాడకపోతే ఏంది, ఆకలైతే ఇంటికే వస్తడు గదా?

నీ అంత సక్కగ నాకు రాదు. అయినా బోర్డు రాసేటాయనకు చెప్పి వచ్చిన... నీ పేరు చెరపొద్దు, దాని కింద నాది రాయుమని.

ఉంట మరి,
నీ బిడ్డ సరోజ