వచ్చిండు, వచ్చాడు

నస్పూర్, 12 జూన్ 1961

కొడుక్కి బొగ్గుబావిలో నౌకరీ దొరికి ఈ ఊరికి వచ్చాం. ఈరోజు మనవరాలు రాజేశ్వరిని బడిలో చేర్పించడానికి తీసుకెళ్లాను.

"నీతో ఎవరొచ్చారు?" అని పంతులు అడిగాడు.

"మా తాత వచ్చిండు" అంది.

"వచ్చిండు కాదు, వచ్చాడు" అని పిల్లతో మూడుసార్లు అనిపించాడు.

చిన్నప్పుడు ఉర్దూ బడిలో తెలుగు మాట్లాడి దెబ్బలు తిన్నాను. ఇప్పుడు తెలుగు బడిలోనూ మా తెలుగు తప్పే! ఆయన చదవని పుస్తకాలు నా పెట్టె నిండా ఉన్నాయి.

పేరు రాయించకుండానే తిరిగి వచ్చాను. దారిలో రాజేశ్వరి అడిగింది: "తాతా, అవ్వ గూడ తప్పే మాట్లాడ్తదా?"

మా తెలుగే మాట్లాడే మెట్‌పల్లి పంతులొకాయన రేకుల షెడ్డులో నడిపే బడిని రేపు చూస్తానని ఇంట్లో అన్నాను. "గా బడిల ఏమొస్తది బాపూ? జర ఆలోచించు" అన్నాడు కొడుకు.

కోపంతో ఇదంతా రాసి, మళ్లీ చదువుకున్నాను. నేనూ "అడిగాడు" అనే రాశాను.