మట్టి గోడల మధ్య వణికే రోలరు

నాయనా కాలిబెక్, నీ చెల్లెలి ఇంట్లో నేను బాగానే ఉన్నాను, మోకాలి నొప్పి తప్ప. మన వీధి రోడ్డుకి రోలరు నువ్వే ఎంచాలని తెలిసిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు.

పోయిన వారం ఇక్కడా ఊరంతా కూలి లేకుండా తలా ఓ చెయ్యి వేసే అషార్‌కి కలిసి రోడ్డు వేసుకున్నారు. కింద బంకమట్టిని గొర్రె డెక్కల్లాంటి ముళ్లున్న రోలరుతో తొక్కిద్దామని డ్రైవరు అన్నాడు. "గొర్రెలు మా దగ్గరే బోలెడున్నాయి, నీవి ఎందుకు?" అని నవ్వి, అన్నిటికంటే పెద్దది, వణికే ఇనప చక్రాలది తెప్పించారు. ఇళ్ల దగ్గర వణుకు ఆపి, నెమ్మదిగా ఇంకో నాలుగుసార్లు తిప్పుతానన్నాడు పాపం. "వణికేదాన్ని తెచ్చుకున్నది వణక్కుండా తిప్పడానికా? కానివ్వు తమ్ముడూ" అన్నారు, మన అల్లుడితో సహా. సాయంత్రానికి వీధి పొడవునా రొట్టెల తందూర్లు నెర్రెలిచ్చాయి. పక్కింటి పచ్చి ఇటుక గోడ కూలింది. లోపల ఎవరూ లేరు గనక సరిపోయింది.

మన బూరుల్ పెద్దమ్మ వీధి గోడ పక్కనే పడుకుంటుంది, తనంతట తాను లేవలేదు. మట్టికి డెక్కలది, పైన కంకరకి నున్నటిది తీసుకో. ఇళ్ల మధ్య వణుకు వద్దని గట్టిగా చెప్పు, నవ్వితే నవ్వనీ. ఏది తెచ్చినా సరే, అది రాకముందే పెద్దమ్మ పరుపు పెరటి గదిలోకి మార్చు.

ఎర్ర ఆవు ఈనిందా? నా ఉన్ని మేజోళ్లు పంపు. పిల్లలకి దీవెనలు. జవాబుకి తొందర లేదు, పెద్దమ్మని మార్చాకే రాయి.

మీ అమ్మ