గ్లాసు పిండికి ఒక గుడ్డు

మలంచా, ఖరగ్‌పూర్

హరిణికి,

"అక్క రాసినట్టే చేసినాను బావా, పాస్తా పిండి రాయైపోతంది. పుస్తకం కొన్నవాళ్లు తిడతన్నారు. ఏటి తప్పు?" అని అడిగావు.

రోమ్‌లో మేమున్న నాలుగేళ్లూ మీ అక్క అక్కడి వంటల్ని గోంగూరతో, ఆవతో తనదైన రుచికి తెచ్చుకుంది. తను పోయిన పదోరోజున ఆ నోటుబుక్కు చదివి ఇస్తానని తీసుకెళ్లావు. నీ పేరుతో అచ్చు వేయించావు.

గ్లాసు పిండికి ఒక గుడ్డని తను రాసింది మా ఇంటి ఇత్తడి గ్లాసు కొలతతో. అది మామూలు గ్లాసుకంటే చిన్నది. ఎంత చిన్నదో నీకు చెప్పను.

రెండో ముద్రణలో అక్క పేరు వేయిస్తానన్నావు. వద్దు. ఆ తిట్లన్నీ నీ ఒక్కదానికే చేరాలి.

కుసుమ భర్త