అన్నయ్య నింపిన తూటాలు

వైకాయా,
మార్చి, ఆదివారం

కొత్త మోకాలి వదినకు,

రాసేది డగల్. చించి పొయ్యిలో వెయ్యకు, చివరిదాకా చదువు. మొన్న ఫోన్ చేస్తే నా గొంతు వినగానే "నీ వేషాలు నా దగ్గరా" అని పెట్టేశావు. ఉత్తరమైతే మధ్యలో పెట్టెయ్యడానికి ఉండదని కాగితం పట్టుకున్నాను. బడిలో కంటే బడి వెనక వాగులో ఎక్కువ చదువుకున్నవాడిని, రాత ఎలా ఉన్నా సర్దుకో.

మోకాలి ఆపరేషన్ అయ్యాక టిమరూలో మీ అక్క నీకు కాలు కింద పెట్టనివ్వడం లేదని రోనా చెప్పింది. బాగానే అయింది. ముప్ఫై ఏళ్ళు మా ఇంటిల్లిపాదినీ నిలబెట్టి పనిచేయించావు, ఇప్పుడు నీ వంతు. గొర్రెలు బాగున్నాయి. నీ కూతురు రోనా నీకంటే, అన్నయ్య కంటే బాగా పొలం నడుపుతోంది. ఈ మాట దానితో అనకు, నెత్తికెక్కుతుంది.

అసలు సంగతి. నిన్న గొర్రెల తోకల దగ్గర ఉన్ని కత్తిరించే పనికి ఆల్ఫీ, వేట క్లబ్బు వాళ్ళూ సాయం వచ్చారు. పది గంటల టీకి అందరం షెడ్డు మెట్ల మీద కూర్చున్నాం. రోనా చేసిన చీజ్ రోల్స్ ఒక్కటి మిగిలితే ఒట్టు. వచ్చే నెల కొండల్లో మగ దుప్పులు అరవడం మొదలవుతుంది కదా, అన్నయ్య పోయాక ఇదే మొదటి వేటకాలం, మాటలన్నీ దాని మీదే. అంతలో ఆల్ఫీ మూతి తుడుచుకుని రోనాతో, "మీ నాన్న లాక్లన్ తూటాల పెట్టె ఎక్కడుందమ్మా? మా వాటా మాకియ్యి," అన్నాడు.

మనవాళ్ళ పద్ధతి నీకు తెలియనిది కాదు. వేటగాడు పోతే అతను సొంత చేత్తో మందు కూరి పెట్టుకున్న తూటాలు జతగాళ్ళు పంచుకుంటారు. దుప్పి అరిచే కాలం మొదటి పొద్దున తలా ఒకటి పేలుస్తారు. చర్చిలో పాడిన పాటల కంటే ఆ చప్పుడే చచ్చినవాడికి అందుతుందని వీళ్ళ నమ్మకం. రోనా కప్పు కింద పెట్టి, ఎవరికీ ఒక్కటి కూడా ఇవ్వననీ, అన్నీ తనవేననీ, మొదటి రోజున తన తుపాకిలో తనే పేలుస్తాననీ చెప్పింది. మగాళ్ళందరూ టోపీలు సర్దుకున్నారు. ఆల్ఫీ కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

వదినా, వాటిని కాల్చకూడదు. ఒకరు నింపిన తూటా ఇంకొకరు కాల్చకూడదని ఇదే ఆల్ఫీ క్లబ్బులో కొత్తవాళ్ళ చెవుల్లో ఇల్లుకట్టుకుని పోరుతాడు. ఎవరైనా గుప్పెడు ఇస్తే థాంక్స్ చెప్పి జేబులో వేసుకోవాలి, ఇంటికెళ్ళి విప్పి మందు పారబొయ్యాలి. ఎవడి తుపాకి కొలతకి వాడు నింపుకుంటాడు. లోపల ఏం పోశాడో, ఎంత పోశాడో పైనుంచి చూస్తే దేవుడికి కూడా తెలియదు. పైగా అన్నయ్య నింపింది తన పాత తుపాకి కోసం. దాని గొట్టం అరిగి గోడెక్కి ఎన్నాళ్ళయిందో. రోనాది కొత్తది, బిగువుగా ఉంటుంది. బతికున్నవాడి తూటాకి ఇన్ని జాగ్రత్తలు చెప్పేవాళ్ళు చచ్చినవాడి తూటా అనేసరికి ప్రసాదంలా చేతులు చాస్తున్నారు.

ఇదే రోనాతో అన్నాను. అది నా వంక చూసి, "పరాయివాళ్ళవి కాల్చకూడదు బాబాయ్. ఇవి మా నాన్నవి," అంది.

నాకు అలవాటైన దారిలో, అందులో మందు కాదే, మీ నాన్న ముక్కుపొడుం కూరాడని ఏదో వాగాను. అందరూ నవ్వారు. డగల్ మళ్ళీ మొదలుపెట్టాడన్నారు. పాస్టరుగారి టీ కెటిల్లో గొర్రె కన్ను వేసినవాడు తుపాకి జాగ్రత్తలు చెబితే ఎవడు వింటాడు?

నీ మాట వింటుంది. ఒక్క ముక్క రాయి, కాల్చవద్దని. కారణం మాత్రం నన్నడగకు.

నీ తలనొప్పి,
డగల్


వైకాయా,
మార్చి, బుధవారం

కోపం తగ్గని వదినకు,

పది రోజులకి నీ ఉత్తరం అందింది. చదివేసరికి చెవులు వేడెక్కాయి. జిల్లాలో సగం మందికి తూటా నింపడం నేర్పినవాడి చేతిని శంకించడానికి నేనెవరినని అడిగావు. పోయినవాడి మీద కూడా అసూయేనా అన్నావు. ఈసారి ఎవరిని ఏడిపించాలని ఈ నాటకం అన్నావు. కారణం చెబితే తప్ప కూతురికి ఒక్క ముక్క కూడా రాయనన్నావు.

సరే, చెబుతాను. కూర్చున్నావా? ఎలాగూ కూర్చునే ఉంటావు.

నీ పొయ్యిలో రబ్బరు బూట్లు పెట్టింది నేను కాదు. రోనా చెల్లెలి బిడ్డ బాప్తిస్మం కేకులో చక్కెరకి బదులు ఉప్పు పోసింది నేను కాదు. పొట్టేళ్ళ దొడ్డి గేటు తీసి ఆడ గొర్రెల్లోకి వదిలింది నేను కాదు. కేకు తర్వాత నువ్వు నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు, గుర్తుందా? క్రిస్మస్‌కి నా ప్లేటు కూడా పెట్టలేదు. అవన్నీ అన్నయ్య చేసినవి. కావాలని చేసినవి కావు.

బూట్ల రోజు సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు. ఉన్ని షెడ్డులో మూటల మీద కూర్చుని చాలాసేపు తన అరచేతులే చూసుకున్నాడు. పొయ్యి దగ్గర ఆరబెడదామనుకున్నానురా, లోపల ఎందుకు పెట్టానో తెలియడం లేదు అన్నాడు. మర్చిపోవడం అప్పుడే మొదలు కాలేదట, ఏడాదిగా ఉందట. నీకు తెలిస్తే డాక్టరు అంటావు, డాక్టరు పట్నంలో ఏదో ఆశ్రమం అంటాడు, కొండలు కనిపించని చోట తను కుర్చీలో చావాలి అని భయం. "నోలీన్‌కి చెప్పకు. నువ్వు చేశావని చెబుతాను. నీ గురించైతే ఏం చెప్పినా నమ్ముతారు," అన్నాడు.

అంత మంచి యోగ్యతాపత్రం నాకు బడిలో కూడా ఎవరూ ఇవ్వలేదు. ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఏం జరిగినా వచ్చి నా చెవిలో చెప్పేవాడు, నేను వెళ్ళి తిట్లు తినేవాణ్ణి. అలా నాకు పేరు వచ్చింది వదినా, అందులో సగం నా సొంత సంపాదన కాదు.

ఇప్పుడు తూటాల మాట. పోయే ముందు శీతాకాలం ఒక మధ్యాహ్నం అన్నయ్య షెడ్డుకి వెళితే బల్ల దగ్గర తూటాలు నింపుతున్నాడు. బల్ల మీద ఒక్క మందు డబ్బా మాత్రమే మూత తీసి ఉండాలని మనందరికీ చెవిలో పోరినవాడు. ఆ రోజు రెండు డబ్బాలు మూతలు తీసి ఉన్నాయి. ఒకటి తుపాకిది. రెండోది పోటీల్లో ఎగరేసిన మట్టి బిళ్ళలు కొట్టే షాట్‌గన్‌లో వాడే మందు, అది అగ్గిపుల్లలా భగ్గుమంటుంది. అది తుపాకి తూటాలో పడిందంటే పేలేది దుప్పి వైపు కాదు, కాల్చేవాళ్ళ ముఖం మీద. నేను చూస్తుండగానే ఇత్తడి గొట్టంలో చెంచాడు పోశాడు, కిటికీలోంచి కొండ వంక చూశాడు, మళ్ళీ అదే గొట్టంలో పోయబోయాడు. ఏ డబ్బాలోంచి తీశావన్నాను. "నా చేతులకి తెలుసు," అన్నాడు. మిగిలినదంతా ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి ఒంపేసి మూత బిగించాడు.

నేను ఆ డబ్బా తీసుకెళ్ళి వాగులో ముంచాను. పెట్టె మాత్రం ఎక్కడ దాచాడో దొరకలేదు. అంత్యక్రియల తర్వాత రోనాకి దొరికింది.

మొన్న శనివారం రోనా కుక్కల పోటీకి వెళ్ళినప్పుడు ఆ పెట్టె ఎత్తుకొచ్చాను. దొంగతనమే, ఇంకో పేరు లేదు. రేపు నా షెడ్డులో ఒక్కొక్కటీ విప్పుతాను. అదే గుండు, అదే ఇత్తడి, కొత్త డబ్బాలోంచి మందు, అడుగున మందుకి నిప్పు అంటించే కొత్త క్యాపులు, మళ్ళీ అలాగే నింపి పెట్టేస్తాను. పిల్ల పేల్చేది వాళ్ళ నాన్న గుండే, మందు మాత్రం బాబాయిది. తనకి చెప్పాలో వద్దో నువ్వే తేల్చు. నేను మాటిచ్చాను, ఇప్పుడు తప్పాను. అన్నయ్య నన్ను క్షమించకపోయినా ఫర్వాలేదు, రోనా రెండు కళ్ళతో ఉండాలి.

డగల్


వైకాయా,
ఏప్రిల్, మొదటి రోజు సాయంత్రం

దొంగ వదినకు,

అవును, దొంగవే. ఎందుకో చెబుతాను, ముందు జరిగింది విను.

గురువారం పొద్దున్నే షెడ్డు తలుపు వేసుకుని పెట్టె తెరిచాను. మొదటి తూటా తిరగేసి చూస్తే అడుగున క్యాపు మీద సూది దెబ్బ అప్పటికే ఉంది. అంటే ఒకసారి పేలిపోయిన క్యాపు. ఇంకొకటి చూశాను, అదీ అంతే. అన్నీ అంతే. పాత క్యాపు తీసి కొత్తది పెట్టాలన్నది కూడా మర్చిపోయాడా అనుకున్నాను. గుండు ఊడదీసే సుత్తిలో ఒకదాన్ని బిగించి చెక్క మొద్దు మీద కొట్టాను. గుండు ఊడింది. దాని వెనక తెల్లగా, సన్నగా ఏదో రాలింది. వేలితో అద్దుకుని నాలుక మీద వేసుకున్నాను. రవ్వ. నువ్వు ఆదివారాలు పాలలో ఉడికించి జాము వేసిపెడతావే, ఆ రవ్వ.

రెండోది విప్పాను. రవ్వ. మూడోదీ రవ్వే. మా అన్నయ్య బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని, ఎంతో శ్రద్ధగా చెంచాతో కొలిచి, తూటాల్లో రవ్వ నింపుతున్నట్టు కళ్ళకి కట్టింది. ఎంత దూరం వెళ్ళిపోయాడో అప్పుడు తెలిసింది. ఆ సుత్తి పట్టుకుని ఏడ్చాను. ఈ వయసులో, ముక్కు కారేలా.

"అమ్మకి చెప్పకు బాబాయ్, రవ్వ డబ్బా ఖాళీ చేసింది నేనే," అని తలుపు దగ్గర గొంతు.

రోనా. చేతులు కట్టుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడింది. శనివారం పోటీ నుంచి రాగానే పెట్టె లేకపోవడం చూసిందట, ఎవరు తీశారో ఆలోచించాల్సిన పని కూడా లేకపోయిందట. నాన్న మతిమరుపు తనూ ఎప్పుడో కనిపెట్టిందట, అందుకే పెట్టె దొరికిన వారమే అన్నీ విప్పేసింది. కొన్నిట్లో అసలేమీ లేదట. కొన్నిట్లో రెండు రకాల మందూ కలిసి ఉందట. అదంతా నీ గులాబీల మొదట్లో పోసింది. వాటికి మంచి ఎరువట, ఈ ఏడు పూలు చూసి మురిసిపోకు. ఎవరి చేతికైనా చిక్కినా పేలకూడదని క్యాపుల్ని ఖాళీ గొట్టాల్లో ముందే పేల్చేసి, బరువు సరిపోయేలా రవ్వతో మూసి పెట్టింది.

మరి అందరి ముందూ కాలుస్తానని ఎందుకన్నావే అని అరిచాను.

"ఆల్ఫీ వాటా అడిగాడు కదా. ఇవ్వనంటే ఎందుకని అడుగుతారు. నాన్నకి మతి తప్పిందని వాళ్ళకి నేను చెప్పనా? అన్నీ నావే అంటే ఇంక ఎవరూ అడగరు."

ఆ మెట్ల మీద టోపీలు సర్దుకున్న మగాళ్ళలో నేనూ ఒకణ్ణి. నన్ను మించింది. నాకు ఎందుకు చెప్పలేదంటే, నాకు తెలియదనుకుందట. నేను అన్నయ్యని ఎంత నెత్తిన పెట్టుకునేవాణ్ణో తెలుసు కనుక, ఆ బొమ్మ పగలగొట్టడం ఇష్టం లేకపోయిందట. ఇద్దరం ఆ రవ్వ కుప్ప ముందు కూర్చుని ఎంతసేపు నవ్వామో చెప్పలేను. మధ్యలో ఒకసారి అది కూడా ముక్కు తుడుచుకుంది.

తర్వాతి వారం నీ ఉత్తరం వచ్చింది. రెండు పుటలు ఉంటాయనుకుంటే నాలుగు వాక్యాలు. "బూట్లు కాలిన వేళకి నువ్వు గోర్ పట్నంలో పన్ను పీకించుకుంటున్నావు. చేయని నేరం ఒప్పుకోవాలంటే కనీసం ఊళ్ళో ఉండాలి కదా మరిదీ. నీ మీద నెట్టేసిన ప్రతిసారీ ఆయన ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయేవాడు. అందుకని నమ్మినట్టే ఉన్నాను."

అంటే ఆ నాలుగు నెలల మౌనం నటనా? క్రిస్మస్‌కి నా ప్లేటు తీసేయడం కూడానా? ఆ పండగ పూట నేను నా వంటింట్లో డబ్బా బీన్స్ తిన్నాను వదినా. ఇన్నేళ్ళూ ఈ జిల్లాలో నన్ను మించినవాడు లేడనుకుని తిరిగాను. టిమరూలో మోకాలు చాపుకుని కూర్చున్న మనిషి చేతిలో ఓడిపోయానని ఇక్కడ ఎవరికీ చెప్పకు. తూటాల గురించి రాయమంటే ఎదురు తిట్టావే, అదెందుకో ఇప్పుడు అర్థమైంది. నా నోట రావాలని కాచుకున్నావు. వచ్చింది. రాసి పోస్టులో వేశాక ఎన్ని నెలల తర్వాతో పొద్దెక్కేదాకా నిద్రపోయాను.

ఇక ఈ రోజు. అన్నయ్య గుండ్లలో ఒకటి రోనా తన చేత్తో నింపింది. కొత్త క్యాపు, కొత్త మందు, బల్ల మీద ఒకే డబ్బా. నేను పక్కనే కూర్చుని నోరు మూసుకుని చూశాను, నోరు మూసుకోవడం నాకు తూటా నింపడం కంటే కష్టం. పొద్దున్నే కొండ భుజం మీదికి ఎక్కాం. మంచు కింద లోయంతా మూసుకుపోయి ఉంది. మగ దుప్పి ఒకటి అవతలి గట్టున గొంతు చించుకుంటోంది. రోనా బోర్లా పడుకుని తుపాకి భుజానికి ఆనించింది. లోపల ఏముందో నాకు తెలుసు. తను కొలిచింది, నేను మళ్ళీ కొలిచాను. అయినా వదినా, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, మోకాళ్ళ మధ్య తల దూర్చి కూర్చున్నాను, పాస్టరుగారు చూసి ఉంటే ప్రార్థన అనుకునేవారు.

పేలింది. కొండలు దాన్ని ఒకదానికొకటి అందించుకున్నాయి. నేను కదల్లేదు.

ఎవరో నా చెవిలోంచి వేలు లాగారు.

"బాబాయ్," అంది రోనా, "కళ్ళు తెరువు."

తెరిచాను. తుపాకి చెక్కుచెదరలేదు. పిల్ల ముఖం చెక్కుచెదరలేదు, చలికి ముక్కు ఎర్రబడిందంతే.

అన్నయ్యతో కలిపి మా ముగ్గురి తరఫున,
డగల్