సి డ్రైవ్‌లో మిగిలిన చోటు

సెప్టెంబరు 17, బుధవారం

సి డ్రైవ్ ఎంత నిండిందో చూపే పట్టీ ఈ ఉదయం ఎర్రబడింది. నిన్న ఇంటికి బయలుదేరేటప్పుడు నీలంగానే ఉంది.

ఈ కంప్యూటరులో ఎవరూ ఏమీ దాచరు. పాటలు లేవు, ఫోటోలు లేవు. గని ఆఫీసులో దీనికి ఒకటే పని — కొండవాలు మీద పోసిన మట్టి డంపు కదులుతున్నదో లేదో చూడటం. బీటల మీద బిగించిన ఆరు మీటర్లు, తెర మీద ఆరు చుక్కలు. పచ్చగా ఉంటే మట్టి నిలకడగా ఉన్నట్టు. పసుపు వస్తే కదిలినట్టు. ఎరుపు వస్తే, ఎవరి చేయీ పడకుండానే, కొండ కింది పల్లె హట్టిలో సైరన్ మోగాలి.

ఆరు చుక్కలూ పచ్చగా ఉన్నాయి. డ్రైవ్ పట్టీ ఒక్కటే ఎరుపు.

ఎవరూ పెట్టనిది ఎక్కడినుంచి వచ్చి నిండుతోంది...

సెప్టెంబరు 18, గురువారం

తొలగించినవి: రీసైకిల్ బిన్‌లోనివి. టెంప్ ఫోల్డరులోనివి, ఒక్కొక్క పేరూ చదివి. ఎప్పుడో పాడైపోయిన ప్రింటరు తాలూకు సాఫ్ట్‌వేర్.

తొలగించనివి: పేరు చదివినా అర్థం కానివి. అవే ఎక్కువ.

మధ్యాహ్నానికి పట్టీ నీలమయింది. తృప్తిగా టీ తాగి వచ్చాను. కుర్చీలో కూర్చునేసరికి ఖాళీ చోటు అప్పుడే కొంత తగ్గింది. నేను ముట్టుకోలేదు. గదిలో మరెవరూ లేరు.

సెప్టెంబరు 19, శుక్రవారం

మళ్లీ ఎరుపు.

సెప్టెంబరు 20, శనివారం

బెంగళూరు నుంచి ఈ మీటర్ల సాఫ్ట్‌వేరు చూసుకొనే కావ్య మేడమ్‌కు ఫోన్ చేశాను. తొందర లేకుండా విన్నది. చివరకు కారణం చెప్పింది. విండోస్ తనకు కావలసిన అప్‌డేట్‌ను తానే వెనకనుంచి దించుకొంటుంది. కొండ మీద నెట్ అంతంతమాత్రం కనుక సగంలో తెగుతుంది. తెగిన సగాన్ని పారవేయదు, దాచుకొంటుంది. మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది. ఇవి కాక, ఏదైనా చెడితే వెనక్కు పోవడానికని తన నకళ్లు తానే తీసి పెట్టుకొంటుంది.

ఆ అప్‌డేట్‌ను నన్ను ఆపేయమంటారా అని అడిగాను. హెడ్డాఫీసు తాళం వేసిందట. పాస్‌వర్డు ఆమె దగ్గరే ఉంది. నెట్ మీద లోపలికి వచ్చి ఆమే ఆపాలి, నకళ్లనూ ఆమే తీయాలి.

“సిస్టమ్ ఫోల్డరు మాత్రం ముట్టబేడి సార్. మీరు అందులో ఒక్కటి తీసినా మొత్తం లేవదు.”

ముట్టవద్దన్న ఆ మాట తరువాత ఏది తీయాలన్నా పేరు రెండుసార్లు చదువుతున్నాను.

సెప్టెంబరు 21, ఆదివారం

హట్టికి వెళ్లాను. అక్క ఇల్లు వంకకు ఆనుకొనే ఉంది. పెరట్లో నిలబడి తల ఎత్తితే డంపు కనిపిస్తుంది, ఎర్రగా, ఇంటిమీదికి వంగినట్టు. వానలు వెళ్లేదాకా తారానగర్‌లో నా దగ్గర ఉండమని మళ్లీ చెప్పాను.

“బర్రె ఈనే దినాలప్పా. దాన్ని ఇడిసి యాడికొస్తా? నీ కూత ఉండాది గదా. అది కూయలేదంటే నేను నిమ్మళంగా పండుకుంటా.”

సైరన్‌ను హట్టిలో అందరూ కూత అనే అంటారు. పక్కింటి ఆమెతో అక్క గర్వంగా చెబుతోంది — మా అంజినప్ప మిషను కాడ ఉండాడు, మనకేం భయం.

నేను పట్టీ సంగతి చెప్పలేదు. మజ్జిగ తాగి లేచాను.

సెప్టెంబరు 23, మంగళవారం

అడగక తప్పని ప్రశ్న అడిగాను. చోటు పూర్తిగా అయిపోతే మీటర్ల ప్రోగ్రాము ఏమవుతుంది?

కావ్య మేడమ్ వివరంగా చెప్పింది. కొలత వచ్చిన ప్రతిసారీ అది ముందు రాసుకోవాలి, తరువాతే చుక్క రంగు తేల్చాలి. రాయడానికి చోటు లేకపోతే ఆగిపోతుంది. ఆగిపోతే సైరన్ కూడా ఉండదు.

ఆగిపోయినట్టు మాకు తెలుస్తుందా?

“ఏదో ఎర్రర్ బాక్స్ బరత్తె సార్... బహుశా.” వస్తుందట.

బహుశా. ఆ మాటను సాయంకాలం దాకా మోశాను.

సెప్టెంబరు 24, బుధవారం

దోణిమలై వైపు మబ్బు. ఇక్కడ చినుకు లేదు.

సెప్టెంబరు 26, శుక్రవారం

ఆమె లోపలికి రావడానికి రెండుసార్లు ప్రయత్నించింది. నెట్ చాలలేదు. నా తెర ఆమెకు సగమే కనిపించి ఆగిపోయిందట. గనిలో పని నడిచేటప్పుడు డ్రైవర్లు, హెల్పర్లు, ఆఫీసువాళ్లు — అందరి ఫోన్లకూ అదే టవరు.

నెట్ తీగ పీకేస్తే అప్‌డేట్ ఆగుతుంది. కాని మీటర్ల కొలతలు హెడ్డాఫీసుకు వెళ్లేదీ, సైరన్‌కు ఆజ్ఞ వెళ్లేదీ ఆ తీగ మీదనే. నింపేదీ అదే, కాపాడేదీ అదే. తీగను చేతిలో పట్టుకొని కొంతసేపు నిలబడ్డాను. వదిలేశాను.

నేను ఈ విద్యను ఎవరి దగ్గరా కూర్చుని నేర్వలేదు. లారీల పర్చీలు, అదే లోడు చీటీలు, రాస్తూ, పాత పుస్తకాలు తిరగేస్తూ నేర్చుకొన్నాను. పుస్తకంలో ఉన్నంతవరకూ నాకు ధైర్యం. ఆ తరువాతి పేజీలో ఏమీ ఉండదు.

సెప్టెంబరు 28, ఆదివారం

సెలవయినా వెళ్లాను. టెంప్ మళ్లీ ఖాళీ చేశాను. బావిలో నీరు తోడినట్టే ఉంది, తోడిన వెనుకే ఊరుతోంది.

సెప్టెంబరు 30, మంగళవారం

రేపు గనికి సెలవు కనుక నెట్ ఖాళీగా ఉంటుందని కావ్య మేడమ్ ఫోన్ చేసింది. తాను డ్యూటీలోనే ఉంటుంది. మధ్యాహ్నం లోపలికి వస్తుంది, అనుమతి అడిగే పెట్టె మీద నేను ఒక్కసారి నొక్కితే చాలు.

రేపు ఆయుధపూజ.

మేనేజరు శేషగిరి గారితో చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఆశ్చర్యపోయాడు. “పూజ జేసిన మిషను మీద చెయ్యి బెడ్తారేందప్పా? అదీ ఆయుధమే గదా. జమ్మి తెచ్చినాక ముట్టుకుందువు.”

నిజానికి ఆయన అనకపోయినా నేను ముట్టుకొనేవాణ్ణి కాదు. మా నాయన ఆ రోజు గొడ్డలిని కూడా గోడకు ఆనించి, మరునాటి దాకా కదిలించేవాడు కాదు.

లెక్క వేశాను. రోజుకు తింటున్న చోటు, మిగిలిన చోటు. ఎంత తక్కువగా చూసినా మూడు రోజులకు సరిపోతుంది. మనకు కావలసింది ఒక్క రోజే. లెక్కను రెండుసార్లు సరిచూశాను.

అక్టోబరు 1, బుధవారం

టిప్పర్లకు అరటి పిలకలు, మామిడాకులు. డ్రిల్లింగ్ మిషను మెడలో బంతిపూల దండ. చక్రాల ముందు బూడిద గుమ్మడికాయలు పగిలి కుంకుమ నీళ్లు పారాయి. చివరకు నా గది. కంప్యూటరును నేనే తుడిచాను. తెర నాలుగు మూలలా బొట్టు పెట్టాను. కీబోర్డుకూ మౌసుకూ కలిపి పసుపు దారం కట్టాను. తెర పైనుంచి ఒక పూల సరం వేలాడదీశాను. ఆరు పచ్చ చుక్కలు, వాటి మీద పసుపు పూలు. చూడ ముచ్చటగా ఉంది.

మధ్యాహ్నం కావ్య మేడమ్ ఫోన్. సంగతి చెబితే నవ్వింది. వాళ్ల ఇంట్లో స్కూటర్‌కు కూడా అదే మర్యాదట. “సరి బిడి సార్, నాళె మాడోణ.” రేపు చేద్దాం.

అందరూ చిరుతిండ్ల పొట్లాలు తీసుకొని దిగిపోయారు. కొండ మీద వాచ్‌మన్ హుసేనప్ప ఒక్కడే, రాత్రి చుక్కలు చూసేది అతనే. నేను బయలుదేరేసరికి వాన మొదలయింది. దారిలో చినుకులు లావయ్యాయి. మూడు రోజులకు సరిపోతుంది. మూడు రోజులకు...

అక్టోబరు 2, గురువారం

చాలా పొద్దుపోయింది. అయినా వరుసగా రాయాలి.

వాన తెల్లవార్లూ కురిసింది. ఉదయం జమ్మి ఆకులు జేబులో పెట్టుకొని కొండ ఎక్కాను. హుసేనప్ప ఎదురు వచ్చి, “రాతిరంతా నేను ఆడనే కూసోనుండానన్నా. ఒక్కటి గూడ రంగు మారలే, అన్నీ పచ్చగానే ఉండె” అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. జమ్మి ఆకు తెర ముందు పెట్టాను. దారం విప్పాను. సరం తొలగించాను.

సరం వెనుక తెర మూలన గడియారం. అందులో నిన్నటి సాయంకాలం.

మౌసు కదిలించాను. బాణం కదలలేదు. ఆరు చుక్కలూ పచ్చగా, నిశ్చలంగా. ఏ పెట్టే రాలేదు, ఏ ఎర్రరూ లేదు. ఆగిపోయిన క్షణంలో ఏ రంగు ఉందో ఆ రంగే. రాత్రంతా మనిషి ఎదురుగా కూర్చుని ఒక బొమ్మను కాపలా కాశాడు.

నెట్ ఖాళీగా ఉంటుందని ఆమె చెప్పినప్పుడు, అది ఆమెకొక్కతికే ఖాళీ అనుకొన్నాను. అందరి ఫోన్లూ కొండ దిగిపోయాయి. టవరు మొత్తం ఈ ఒక్క కంప్యూటరుకే మిగిలింది. ఇన్నాళ్లూ సగం సగం తెగుతున్న అప్‌డేట్ నిన్న ఎక్కడా తెగకుండా దిగింది. ఉన్న చోటంతా ఒక్క పూటలో మింగింది. నా లెక్క పనిదినాల లెక్క.

బలవంతంగా ఆపి మళ్లీ లేపాను. లేచేంతసేపూ తెర ముందే నిలబడ్డాను. టెంప్ ఖాళీ చేయగానే ప్రోగ్రాము తెరుచుకొంది. చుక్కలు ఒక్కొక్కటే వచ్చాయి. పచ్చ. పచ్చ.

మూడవది పసుపు.

ఎరుపుకు కొంచెమే తక్కువ. దాటలేదు. దాటి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

మధ్యాహ్నానికి కావ్య మేడమ్ లోపలికి వచ్చి అప్‌డేట్‌కు తాళం వేసింది, పాత నకళ్లు తీసివేసింది. పట్టీ నీలం. సగానికి పైగా ఖాళీ. చేయవలసిన పని ఇంతే. నిన్న ఒక్కసారి నొక్కి ఉంటే...

హట్టి జనాన్ని ఈ రెండు రోజులూ బడికి తరలిద్దామని మేనేజరు గారితో అన్నాను. ఆయన చాలాసేపు మూడవ చుక్కను చూశాడు. సర్వేయరు పండగ సెలవుల నుంచి రానీ అన్నాడు. నేను మళ్లీ అడిగితే గొంతు తగ్గించాడు. “కూత లేకుండానే జనాన్ని లేపితే, రేపు నిజంగా కూసినప్పుడు ఎవరు లేస్తారప్పా?”

కుర్చీని మూడవ చుక్క ముందుకు లాక్కొన్నాను. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను.

అక్టోబరు 3, శుక్రవారం

నిన్న ఇవ్వలేకపోయిన జమ్మి ఇవాళ అక్కకు ఇచ్చాను. జేబులో నలిగిన ఆకులు. బంగారంలాగ ఉందాం అనుకొన్నాము, ఏటా అనుకొనేదే. మొన్న రాత్రి వాన సంగతి అక్కే ఎత్తింది. బో గట్టిగా కొట్టిందట. కూత వస్తుందేమోనని చెవి పెట్టిందట. రాలేదు కనుక నిద్రపోయిందట.

చెప్పాను. అంతా చెప్పాను, దారం సంగతితో సహా.

బర్రెకు వేస్తున్న గడ్డి చేతిలోనే ఉండిపోయింది. అక్క అంది, “బొట్టుపెట్టి, పూలేసి, నీ మిషన్ను పండబెట్టినావు. దాంతో నన్నూ పండబెట్టినావు గదప్పా.”

నవ్వుతూనే మొదలుపెట్టింది. చివరి మాటకు నవ్వు లేదు.

ఇప్పుడే నాతో వచ్చేయమన్నాను. “బర్రెను యాడ కడ్తావు? నీ కంప్యూటరు పక్కనా?” అన్నది. ఆ తరువాత పెరట్లోకి వెళ్లి డంపు వైపు చూస్తూ నిలబడింది. ఇన్నేళ్లలో ఆమె దాన్ని అట్లా చూడటం నేను ఎరుగను. తిరిగి వచ్చి ఒక షరతు పెట్టింది. ఇకమీద రోజూ పొద్దు గూకే వేళకు తానే ఫోన్ చేస్తుంది. నేను పండుకోమంటేనే పండుకొంటుంది.

అక్టోబరు 4, శనివారం

మూడవది పసుపే. తగ్గలేదు, పెరగలేదు.

గొడుగు వేసుకొని డంపు అంచు దాకా వెళ్లాను. బీటకు అడ్డంగా సున్నంతో గీత గీశాను, అటు ఒక ముక్క, ఇటు ఒక ముక్క. రెండూ ఎదురెదురుగా ఉన్నంతవరకూ మట్టి కదలనట్టే. మధ్యాహ్నం వానకు సున్నం కరిగిపోయింది.

సాయంకాలం అక్క ఫోన్. పండుకో అన్నాను. అన్నాక నాకు నిద్ర లేదు.

అక్టోబరు 5, ఆదివారం

సర్వేయరు రేపు వస్తాడట. బర్రె ఇంకా ఈనలేదు. పట్టీ నీలం. గడియారం చూశాను, నడుస్తోంది. కిటికీలోంచి కొండను చూసి, మళ్లీ గడియారం చూశాను. నడుస్తోంది. అయిదు పచ్చ, ఒకటి పసుపు. ఆ పచ్చను చూస్తే ఇప్పుడు పసుపు మీదే నమ్మకం కలుగుతోంది. అదైనా ఏదో ఒకటి చెబుతున్నది.

నాలుగు గంటల నుంచి వాన. పొద్దు గూకింది, నేను ఇంకా ఆఫీసులోనే ఉన్నాను.

ఫోన్ మోగింది. అవతల ముందు వాన చప్పుడు, తరువాత బర్రె అరుపు, తరువాత అక్క.

“ఏమప్పా... పండుకుందునా?”

తెర వైపు చూస్తున్నాను.