ఖాళీ పళ్ళెం

ప్రియమైన కాటా గారికి,

ఫోన్లో మీరు "ఆఁ", "ఊఁ" తప్ప మాట్లాడరు కాబట్టి మన పాత అలవాటు ప్రకారం ఉత్తరమే గతి. నా పనేమిటని అడిగారు. కంప్యూటర్ తెర మీద కనబడే బటన్లు, గడులు, జరిపే మీటలు మా కంపెనీ జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో క్లాసులుగా రాసి అమ్ముతుంది. ఒక్కోదానికి వెడల్పు, ఎత్తు లాంటి గుణాలుంటాయి. సెట్టర్ విలువను లోపల పెడుతుంది, గెట్టర్ తీసి చూపిస్తుంది. పెట్టిందే తిరిగొస్తోందా అని ప్రతిదానికీ ఒక చిన్న పరీక్ష రాయాలి. అలాంటివి రెండు వందల పన్నెండు.

మొదటిది రాసినప్పుడు మనిషినే. ఇప్పుడు గానుగెద్దును. వెడల్పులో సున్నా పెట్టు, సున్నా వచ్చిందా చూడు, పచ్చ టిక్కు. దాన్నే కాపీ చేసి పేరు మార్చు, తర్వాతది. నెలాఖరుకల్లా అన్నీ పచ్చగా చూపిస్తే ఉద్యోగం ఖాయం చేస్తారట. అప్పుడు మన ఊరొచ్చేసి ఇంటి నుంచే పనిచేసుకోవచ్చు. ఆ ఆశతోనే కళ్ళు తెరిచి కూర్చుంటున్నాను.

మీ చెయ్యి నొప్పి తగ్గిందా? కాటాలు బాగుచేసే మన కొట్టు ఎలా నడుస్తోంది? అత్తయ్య ఎలా ఉన్నారు?

మీ టెస్టరు

*

ప్రియమైన టెస్టరమ్మకు,

నా రాత కోడి గెలికినట్టుందని పెళ్ళైనప్పటి నుంచీ దెప్పుతున్నావు కదా, ఇకమీదట పక్క కొట్టాయన దగ్గర టైపు చేయిస్తాను. చెయ్యి బాగుంది. కొట్టు బాగుంది. అమ్మ బాగుంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక సందేహం, నవ్వకు. సున్నా పెడితే సున్నా వచ్చిందన్నావు. అసలేమీ పెట్టకముందు అందులో ఎంత ఉంటుంది? మేం కాటా బాగుచేశాక ఖాళీ పళ్ళెం చూసి సరేననం. ముల్లు ఇరుక్కుపోయిన కాటా కూడా సున్నానే చూపిస్తుంది. ఏదో ఒక బరువు పెడితేగానీ దాని బండారం బయటపడదు.

వేళకు తిను.

నీ కాటా

*

ప్రియమైన మీకు,

మూడు వారాలు రాయనందుకు కోప్పడకండి. ఏమీ పెట్టకముందు కూడా అందులో సున్నానే. మీ ఉత్తరం చదివిన రోజే అన్నిటిలో పదిహేడు పెట్టి మళ్ళీ నడిపాను. ముప్ఫయి ఒకటి ఎర్రబడ్డాయి. అవి విలువ తీసుకుంటాయి, లోపల మాత్రం పెట్టవు. వాటికీ నేను పచ్చ టిక్కులిచ్చాను.

అబద్ధమెందుకు, రెండు రోజులు నోరు మూసుకున్నాను. చెబితే ఇంటికొచ్చే మాటకు నీళ్ళొదులుకోవాలి. మూడో రోజు ఉండబట్టలేక మా మేనేజరు బల్ల దగ్గరికెళ్ళి మొత్తం చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. "సరే, ఇవన్నీ మళ్ళీ రాయండి. మీ సంగతి ఇంకో మూడు నెలలాగి చూద్దాం" అంది. తిట్టినా బాగుండేది. చాలా అలసిపోయానండీ.

ఇంకో మాట. మీ టైపు ఉత్తరం, ఆ తర్వాతి రెండు చీటీలు ముందేసుకుని చదివాను. మూడింటిలోనూ చెయ్యి బాగుంది, కొట్టు బాగుంది, అమ్మ బాగుంది. నేను అడిగినా అడగకపోయినా మీరు అదే రాస్తారు. వీడియో కాల్‌లో చూస్తే మీ చేతులు ఎప్పుడూ బల్ల కిందే. ఇన్నాళ్ళూ మిమ్మల్ని కూడా ఖాళీ పళ్ళెంతోనే పరీక్షించానన్నమాట.

అందుకే ఈసారి బరువు పెడుతున్నాను. టైపు వద్దు. నాలుగు లైన్లు మీ చేత్తో రాయండి. కోడి గెలికినా పర్వాలేదు.

మీ నేను

*

ప్రియమైన నీకు,

ఈ కాగితానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. చూస్తున్నావుగా అక్షరాలు. అది నొప్పి కాదు, వణుకు. నాలుగు నెలలైంది. డాక్టరు మందులిచ్చాడు, తగ్గుతుంది గానీ పూర్తిగా పోదన్నాడు. చిన్న తూకపు రాళ్ళు పట్టకారుతో పట్టుకోలేక కొట్టు మూసి రెండు నెలలవుతోంది. పక్క కొట్టాయనకు తెలుసు, నీకు చెప్పొద్దని నేనే బతిమాలాను. అమ్మకూ తెలుసు. నలభై ఎనిమిదేళ్ళొచ్చి చొక్కా గుండీలు అమ్మ చేత పెట్టించుకుంటున్నాను.

చెబితే ఉన్నపళంగా పని వదిలేసి వచ్చేస్తావని దాచాను. నువ్వేమో నీ తప్పు నువ్వే వెళ్ళి చెప్పుకున్నావు. నీకు ముల్లు గురించి పాఠం చెప్పినవాణ్ణి, నాకు సిగ్గేసింది. భయంగా కూడా ఉంది.

"మూడు నెలలేగా, నువ్వు నిదానంగా పని చూసుకుని రా, నాకేం పర్వాలేదు" అని రాయబోయాను. అదీ పాత జవాబే. పర్వా ఉంది. నాలుగు రోజులు సెలవు పెట్టి ఒకసారి రా.

ముల్లు కదులుతోంది, కాస్త ఎక్కువగానే.

నీ కాటా