తోమిన గిన్నెలు

ఫిబ్రవరి 3

కొత్త ల్యాబ్‌లో చేరాను. జిల్లాకొక పరిశోధన కేంద్రం అంటూ ప్రభుత్వం కట్టించింది. ఇలాంటి మెషిన్ల కోసం ఇదివరకు హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు మా పేట నుంచి ఆటోలో వెళ్తున్నాను. మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేనే. అమ్మ నా ఐడీ కార్డు బైబిల్ మీద పెట్టి ప్రార్థన చేసింది.

క్లియరెన్స్ లేకుండా ఏ ఫలితమూ బయటపెట్టకూడదని సంతకం చేయించుకున్నారు. చేశాను.

ఫిబ్రవరి 10

పక్కనే ఉన్న బొగ్గు యార్డు నుంచి మా పేట మీద ఎంత దుమ్ము పడుతోందో కొలవాలి. మూడు మేడల మీద తెల్ల గిన్నెలు పెట్టాను. నెల తర్వాత వాటిలో పడ్డ దుమ్ము తూకం వేయాలి.

మార్చి 12

పరిమితికి రెట్టింపు! డైరెక్టర్ తిరుమలరావు సార్ తలుపేసి, పేట పేరు తీసేస్తే నీ పరిశోధన పేపర్ అచ్చవుతుందమ్మా అన్నారు. తీయనన్నాను. అయితే అధికారుల ఎదుట మళ్లీ కొలవాలట. కొలవండి. గిన్నెలు మళ్లీ పెట్టాను.

ఏప్రిల్ 12

అధికారులు మేడలెక్కారు. గిన్నెలు తళతళ మెరుస్తున్నాయి.

పెద్దోలు వత్తన్నారని పక్కింటి గంగాలమ్మత్త, అమ్మ కలిసి తోమేశారు. మసి గిన్నెలు సూపిత్తే నీకు నామోసీ కాదేటే అంది అత్త. అధికారులు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు.

ఏప్రిల్ 15

అధికారుల రిపోర్టు ప్రకారం మా పేటలో దుమ్మే లేదట. మంత్రిగారు మా చర్చి ఆవరణలోనే సభ పెట్టి చెబుతారట. ఆ మసే నా లెక్క అని అమ్మకి చెప్పాను. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు.

ఏప్రిల్ 23

సభకి తెల్ల కుర్చీలు నిన్ననే వేశారు. రాత్రంతా ఆరుబయటే ఉన్నాయి. పొద్దున్న సభవాళ్లు తుడవమంటే అమ్మ కదల్లేదు. మొన్న తోమితే మా పిల్ల లెక్క పోనాది, ఇంకేటీ తుడవం అంది. హడావుడిలో ఎవరూ చూసుకోలేదు. గంగాలమ్మత్త మాత్రం మంత్రిగారికి చేతులు జోడించి, కూకోండి బాబూ, దుమ్ము నేదు కదా అంది.

మంత్రిగారు లేచి మైకు వైపు నడిచారు. తెల్ల పంచె వెనక నల్లటి మరక. పేటంతా ఫోన్లు పైకెత్తింది.

సాయంత్రానికి పేటలో నెట్ తీసేశారు.

ఏప్రిల్ 24

రాజీనామా చేయమన్నారు. చేయను, మీరే తీసేయండి, కారణం కాగితం మీద రాసివ్వండి అన్నాను. సార్ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశారు.

మే 2

కార్డు లాక్కున్నారు. కారణం రాయలేదు.

పొద్దున్న మేడెక్కాను. నేను పెట్టినవి మూడు గిన్నెలు. కనిపించినంత మేర, ప్రతి మేడ మీదా ఒకటి ఉంది.

ఏదీ తోమలేదు.